95 గోల్స్ కొట్టిన కెప్టెన్‌ని నలభై ఏళ్లకి మళ్లీ పిలిచారు... మా వాడికేం చెప్పను?

మద్దిలపాలెం నాన్న
మా వాడికి పదమూడేళ్లు. స్కూలుకి ఎనిమిదైనా మంచం దిగడు గానీ, ఫుట్‌బాల్ అంటే ఐదున్నరకే బూట్లు కట్టుకుని గేటు దగ్గరుంటాడు. గదిలో గోడకి మన ఫుట్‌బాల్ జట్టు మాజీ కెప్టెన్ సునీల్ ఛెత్రీ బొమ్మ. మొన్న ఆదివారం మా బావమరిది వచ్చి ఆ బొమ్మ చూసి, "ఈయన కొట్టినవన్నీ మాల్దీవుల మీదా, నేపాల్ మీదా కదరా, అదీ రికార్డేనా" అన్నాడు. వాడు పులుసన్నం కలిపింది కలిపినట్టే వదిలేసి లేచిపోయాడు. రాత్రి పడుకునే ముందు నన్ను అడిగాడు: "2024లో రిటైరైపోయి 2025లో మళ్లీ ఎందుకొచ్చాడు నాన్నా? ఇంకెవరూ దొరకలేదా?"

నేను క్రికెట్ మనిషిని. ఆఫ్‌సైడ్ అంటే ఇప్పటికీ ఆఫ్ స్టంప్ వైపు చూస్తాను. తెలిసినవాళ్లు చెప్పండి, బావమరిది మాటలో నిజమెంత?

ధోనీభక్త 148
బావమరిది ఉన్నమాటే అన్నాడు. ఒక్క వరల్డ్ కప్ ఆడలేదు, ఆసియా కప్‌లో గ్రూప్ దాటలేదు. మెస్సీ పక్కన, రొనాల్డో పక్కన ఈయన్ని పెట్టి పోస్టర్లు వేస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

గోలీసోడా గాజువాక
వచ్చాడండీ. పేరులోనే 148 పెట్టుకున్నాయన ఫుట్‌బాల్ టాపిక్‌లో ఏటి పని?

లెక్కల మాస్టారు
ధోనీభక్త గారూ, మీ పేరులోని 148 మన విశాఖలోనే కొట్టింది కదా, 2005 ఏప్రిల్ 5న, పాకిస్తాన్ మీద. ఆ రోజు నేనూ స్టేడియంలో ఉన్నాను, గొంతు పోయి రెండ్రోజులు క్లాసు చెప్పలేదు. రెండు నెలలు దాటాక, జూన్ 12న, క్వెట్టాలో ఇరవై ఏళ్ల కుర్రాడొకడు అదే పాకిస్తాన్ మీద దేశానికి మొదటిసారి ఆడి, మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. 1-1 డ్రా. గోల్ కొట్టిన ఊపులో గ్యాలరీ వైపు పరిగెత్తి చూస్తే అందరూ నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నారట. పరాయి దేశంలో ఉన్నామన్న సంగతి అప్పుడు గుర్తొచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. ధోనీ సంగతి ఊరంతా మోగింది. ఇది పేపర్లో ఏ మూల వచ్చిందో నాకైతే కనపడలేదు.

ఇక లెక్క. చిన్న జట్ల మీద చాలా కొట్టాడు, అబద్ధమెందుకు. మాల్దీవులు, నేపాల్ ఆ జాబితాలో పైనే ఉంటాయి. కానీ అవి "అన్నీ" కావు. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్లో తజికిస్తాన్ మీద మూడు. 2011 ఆసియా కప్‌లో బహ్రెయిన్ మీద ఒకటి, దక్షిణ కొరియా మీద పెనాల్టీ. 2012 నెహ్రూ కప్ ఫైనల్లో కామెరూన్ మీద ఒకటి. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్ మీద రెండు. అదే ఏడాది గువాహటిలో ఒమన్ మీద ఒకటి. హ్యాట్రిక్‌లు నాలుగు: తజికిస్తాన్, వియత్నాం, చైనీస్ తైపే, పాకిస్తాన్.

ఎదుటి జట్టు చిన్నదైతే గోల్ చెల్లదంటే రొనాల్డో లెక్కలోంచి లక్సెంబర్గ్, లిథువేనియా, అండొర్రా కూడా తీసెయ్యాలి. దానికి మీ బావమరిది ఒప్పుకుంటాడా?

ధోనీభక్త 148
మాస్టారూ, కామెరూన్ అని గొప్పగా చెప్పారు. వచ్చింది వాళ్ల అసలు జట్టు కాదు, రెండో జట్టు.

లెక్కల మాస్టారు
ఒప్పుకున్నాను. అర మార్కు కోస్తున్నాను.

నేవీ రిటైర్డ్
తజికిస్తాన్ మ్యాచ్ నేను చూశాను. అప్పుడు ఢిల్లీలో పోస్టింగ్. నిజానికి ఆ టోర్నీ జరిగింది హైదరాబాద్‌లో. వానలకి గ్రౌండు బురదైపోతే ఫైనల్ అంబేడ్కర్ స్టేడియానికి మార్చారు. 2008 ఆగస్టు 13. మనవాళ్లు 4-1తో గెలిచారు. ఛెత్రీ మూడు, భూటియా ఒకటి. ఆ గెలుపుతోనే 2011 ఆసియా కప్‌కి వెళ్లాం.

దానికి ముందు మనం ఆసియా కప్ ఆడింది 1984లో. ఛెత్రీ పుట్టిందీ ఆ ఏడాదే. మళ్లీ ఆడేసరికి ఆయనకి 26 ఏళ్లు నిండాయి. ఒక మనిషి పుట్టి, పెరిగి, దేశానికి ఆడి, ఆ దేశాన్ని అక్కడికి చేర్చేదాకా ఎదురు చూశామన్నమాట. దోహాలో మూడూ ఓడిపోయాం. ఆస్ట్రేలియా 4-0, బహ్రెయిన్ 5-2, కొరియా 4-1. చిత్తుగా. అయినా బ్యారక్‌లో కొరియా మ్యాచ్ పెట్టుకుని ఆ పెనాల్టీ గోల్‌కి గంతులేశాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

సికింద్రాబాద్ అల్లుడు
ఒక్క ముక్క ఎవరూ అనలేదేం? ఆయన పుట్టింది మా అత్తారి ఊళ్లో. 1984 ఆగస్టు 3, సికింద్రాబాద్. అప్పటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశే. అంటే మన తెలుగువాడే!

గోలీసోడా గాజువాక
అల్లుడు గారూ, వాళ్ల నాన్న ఆర్మీలో ఈఎంఈలో, అంటే ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల విభాగంలో పనిచేసేవారు, అందుకని అక్కడ పుట్టాడు. పెరిగింది ఇంకెక్కడో. ఆస్పత్రి మనది అయినంత మాత్రాన పిల్లాడు మనవాడైపోతాడా?

సికింద్రాబాద్ అల్లుడు
బారసాల భోజనం మాది.

మిడ్‌ఫీల్డర్ వాళ్లమ్మ
నాన్న ఉద్యోగం అందరూ చెప్తారు. అమ్మ సంగతి ఎవరూ ఎత్తరు. ఛెత్రీ వాళ్ల అమ్మ, ఆవిడ కవల సోదరి, ఇద్దరూ నేపాల్ మహిళల జట్టుకి ఆడినవాళ్లు. ఆ కాలంలో! మా అమ్మాయి అండర్-15 ఆడుతుంది. షార్ట్స్ వేసుకుని బయల్దేరితే మెట్ల దగ్గర పైపోర్షన్ పెద్దావిడ "ఎండకి నల్లబడిపోతావే" అంటుంది, రోజూ. కిందటి మేలో ఒక టోర్నీకి తీసుకెళ్లాం, ఊరు, పేరు చెప్పను. చల్లటి పూట మ్యాచ్‌లన్నీ అబ్బాయిలకి ఇచ్చి, ఆడపిల్లలకి మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకి పెట్టారు. తాగడానికి ఒక్క క్యాన్, బాత్రూమ్‌కి తాళం. తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్లాడట. దానికి ఛెత్రీ వాళ్ల అమ్మ సంగతి చెప్పాను, "అయితే నువ్వెందుకు ఆడలేదమ్మా" అని నన్నే నిలదీసింది.

కంచరపాలెం కిక్
అక్కా, ఆ తాళంచెవి ఆయన మాకూ తెలుసు. అన్ని ఊళ్లలోనూ ఉంటాడు.

ధోనీభక్త 148
అసలు ప్రశ్నకి రండి బాబూ. రిటైరైనవాణ్ని మళ్లీ పిలవడమేంటి? 2019లో దోహా వెళ్లి ఖతార్‌ని 0-0తో నిలబెట్టినప్పుడు ఛెత్రీ జట్టులో ఉన్నాడా? జ్వరమొచ్చి ఆడలేదు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ కెప్టెన్. అంటే ఆయన లేకుండానే మంచి ఫలితం వచ్చింది. ఆయన ఉన్నంతకాలం కొత్తవాడికి చోటు దొరకలేదు, అదీ నా వాదన. నేను చదువుకునే ఈ టాపిక్‌లోకి వచ్చాను.

కంచరపాలెం కిక్
ఈసారి మీరు సరైన చోటే తగిలారు. ఆ ఖతార్ డ్రా నిజమే. కానీ ఆ రోజు గుర్‌ప్రీత్ గోడలా నిలబడ్డాడు గానీ మనం గోల్ కొట్టలేదు కదా. మన రోగం గోల్ కొట్టేవాడు లేకపోవడం.

చోటు లేకుండా చేసింది ఛెత్రీ కాదు. మన క్లబ్బుల లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైన 2014 నుంచి 2024-25 దాకా చూడండి, ప్రతి సీజన్లోనూ ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ విదేశీయుడికే. క్లబ్బులవాళ్లు డబ్బు పెట్టేది ముందు స్ట్రైకర్ మీద, ఆ స్ట్రైకర్‌ని తెచ్చుకునేది బయటినుంచి. మొదట్లో ఆరుగురు విదేశీయుల్ని ఒకేసారి ఆడించేవారు, తర్వాత ఐదు, 2021-22 నుంచి నాలుగు. ఎన్ని తగ్గించినా తొమ్మిదో నంబర్ జాగా, అంటే మధ్యలో ఆడే స్ట్రైకర్ చోటు మాత్రం వాళ్లదే. ఆఖరికి ఛెత్రీని కూడా ఆయన క్లబ్బు బెంగళూరులో విదేశీ స్ట్రైకర్ మికూ వచ్చాక ఎడమ వింగ్‌లోకి జరిపారు! దేశానికేమో మధ్యలో ఆడేవాడు, క్లబ్బుకేమో పక్కన. అలా పక్కన ఆడుతూ కూడా 2024-25లో 14 గోల్స్ కొట్టాడు, నలభై ఏళ్ల వయసులో. భారతీయుల్లో అదే ఎక్కువ. కోచ్‌గా నువ్వుంటే ఎవర్ని పిలుస్తావు చెప్పు?

ధోనీభక్త 148
...

గోలీసోడా గాజువాక
మూడు చుక్కలు పెట్టాడండీ! స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మద్దిలపాలెం నాన్న
కిక్ గారూ, ఇది మావాడికి అర్థమయ్యేలా చెప్పగలను, థాంక్స్. అసలు ఆ తిరిగి రావడం ఎలా జరిగిందో ఎవరైనా వరసగా చెప్తారా?

లెక్కల మాస్టారు
2024 మే 16న వీడియో పెట్టి చెప్పాడు, ఇక చాలని. జూన్ 6న కోల్‌కతా సాల్ట్‌లేక్‌లో కువైట్‌తో చివరి మ్యాచ్. గెలిస్తే వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో మొదటిసారి మూడో రౌండ్‌కి దాదాపు వెళ్లినట్టే. 0-0. అప్పటికి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. ఐదు రోజులకి ఖతార్ చేతిలో 2-1తో ఓడాం. గీత దాటిపోయిన బంతిని లోపలికి లాగి కొట్టిన గోల్‌ని రిఫరీ ఇచ్చేశాడు, దాని మీద ఇప్పటికీ నాకు మంట. 2024 సంవత్సరం మొత్తంలో మనం ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఒక్కటి కూడా.

2025 మార్చిలో కోచ్ మనోలో మార్కెజ్ పిలిచాడు, ఆయన వచ్చాడు. మార్చి 19, షిల్లాంగ్, మాల్దీవులు, 3-0. తలతో కొట్టాడు, అది 95వది. (అవును, మాల్దీవులే. బావమరిదికి చెప్పకండి.) ఆరు రోజులకి అదే గ్రౌండులో బంగ్లాదేశ్‌తో 0-0, జూన్‌లో హాంకాంగ్‌లో 1-0తో ఓటమి, అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓటమి. దాంతో 2027 ఆసియా కప్ చేజారింది. ఆ కప్‌కి జట్టుని చేర్చడానికే వచ్చినవాడు, అది అవ్వలేదు. తర్వాత మళ్లీ పక్కకి తప్పుకున్నాడు.

ఉక్కునగరం 86
మాస్టారు వరస బాగా చెప్పారు. నాకు మాత్రం అది చూస్తుంటే బాధేసింది. సాల్ట్‌లేక్‌లో దాదాపు 59 వేలమంది లేచి నిలబడ్డారు, తోటివాళ్లు రెండు వరసల్లో నిలబడి చప్పట్లు కొట్టారు, ఆయన కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లాడు. కథ అక్కడ ఆగిపోవాల్సింది. అంత బాగా వీడ్కోలు చెప్పించుకున్న మనిషిని గోవాలో ఆ ఓటమి దాకా లాక్కొచ్చారు. మా నాన్న ప్లాంటులో రిటైరయ్యాక ఇలాగే రెండుసార్లు పిలిచారు, కొత్తవాళ్లకి మెషీన్ అర్థం కావట్లేదని. మొదటిసారి కారు పంపారు. రెండోసారి బస్సెక్కి వెళ్లాడు.

నేవీ రిటైర్డ్
ఉక్కునగరం బాబూ, మీ నాన్నగారు రెండోసారి ఎందుకు వెళ్లారు?

ఉక్కునగరం 86
ఇంట్లో కూర్చుంటే తోచట్లేదని. 😄 సరే, అర్థమైంది.

మురీమిక్చర్
59 వేలంటే గుర్తొచ్చింది. 2018 జూన్‌లో నేను ముంబైలో ఉద్యోగం, అంధేరీలోనే రూమ్. స్టేడియం నడిచి వెళ్లేంత దూరం. చైనీస్ తైపేతో మ్యాచ్‌కి వెళ్దామనుకుని బద్ధకించాను. 5-0, ఛెత్రీ హ్యాట్రిక్. మ్యాచ్ చూసినవాళ్లు 2,569 మంది. ఇది అధికారిక లెక్క. జూన్ 2న ఆయన వీడియో పెట్టాడు. మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ వచ్చి చూడండి అని. దేశం కెప్టెన్, చేతులు జోడించి.

నాకు సిగ్గేసింది, నిజంగా. తర్వాతి మ్యాచ్ కెన్యాతో, ఆయనకి వందోది. టికెట్లు మొత్తం అయిపోయాయి. మా ఆఫీసులో మలయాళీ అబ్బాయి ఒకటి సంపాదించి పెట్టాడు. వాన చూడాలి! బంతి తన్నితే రెండు గజాలు పోయి నీళ్లలో ఆగిపోతోంది. మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి, తలమీద పాలిథిన్ కవరు పెట్టుకుని నిలబడ్డాం. మనవాళ్లు 3-0. ఆయన రెండు కొట్టాడు, ఒకటి పెనాల్టీ, రెండోది ఆఖర్లో కీపర్ మీద నుంచి మెల్లగా లేపి వేశాడు. ఆ బంతి గాల్లో ఉన్నంతసేపు మా వరసలో ఎవరికీ ఊపిరి ఆడలేదు. రూముకొచ్చాక నాలుగు రోజులు జ్వరం. ఫైనల్లో మళ్లీ కెన్యా మీదే రెండు కొట్టాడు, అది పడుకుని చూశాను.

ఆ మ్యాచ్‌కి ముందు నేను అటు ఎప్పుడూ వెళ్లలేదు, ఆ జ్వరం తగ్గాక ముంబైలో ఉన్నంతకాలం ఒక్కటి వదల్లేదు. గోల్స్ లెక్క నాకు తెలీదు గానీ నన్ను గ్రౌండుకి లాగింది మాత్రం ఆయనే.

ధోనీభక్త 148
మిక్చర్ అన్నా, ఇది బాగుంది. కానీ ఇదే నా బాధ కూడా. ఒక కెప్టెన్ బతిమాలితే తప్ప జనం రాని ఆటలో ఏ రికార్డుకైనా బరువెంతుంటుంది?

పాత పోలీస్ గ్రౌండ్
బరువు అంటున్నారు కాబట్టి పెద్దవాడిగా ఒక మాట. ఈ ఆటలో మనం ఆసియాని ఏలిన రోజులున్నాయి. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దిన రహీం సాహెబ్ శిక్షణలో 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ 1962 జట్టులో మన బలరాం, యూసఫ్ ఖాన్ ఆడారు. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్, ఇద్దరూ హైదరాబాద్ నుంచి వెళ్లి దేశానికి కెప్టెన్లయ్యారు. 1962లో జకార్తా ఫైనల్లో కొరియాని 2-1తో ఓడించినప్పుడు కెప్టెన్ చునీ గోస్వామి. ఆయన 27 ఏళ్లకే అంతర్జాతీయ ఫుట్‌బాల్ మానేశాడు. ధోనీభక్త బాబుకి నచ్చే సంగతి: తర్వాత బెంగాల్‌కి రంజీ కెప్టెన్ కూడా అయ్యాడు. అప్పుడు మానేసినా నడిచింది, వెనక ఇంకొకడు సిద్ధంగా ఉండేవాడు. ఛెత్రీ వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. 2019లో థాయ్‌లాండ్‌ని 4-1తో ఓడిస్తే, 1964 తర్వాత ఆసియా కప్‌లో మనకదే మొదటి గెలుపు. యాభై అయిదేళ్లు.

గోలీసోడా గాజువాక
తాతగారూ, 27కి మానేసి క్రికెట్ ఆడాడా! మా మేనత్త నాకు చెప్పే సలహా అదే, రివర్స్‌లో.

కంచరపాలెం కిక్
వెనక ఎవరూ లేరంటే మన ఊరు చూసినా తెలుస్తుంది. నేను పెదజాలరిపేట పిల్లలకి ఆదివారాలు నేర్పిస్తాను. ఇసుకలో వట్టికాళ్లతో వాళ్లు బంతిని తిప్పడం చూస్తే నోట మాట రాదు. అలల్లో పెరిగిన కాళ్లు, పిక్కలు రాళ్లలా ఉంటాయి. గోల్‌కి నెట్ కొనడానికి డబ్బుల్లేక ఫిషింగ్ హార్బర్‌లో పక్కన పడేసిన పాత వల తెచ్చి కట్టాం. మొదటి రోజు చేప పొలుసులు రాలాయి, రెండు వారాలు వాసన. కీపర్‌గా నిలబడటానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. ఇందులో ఇద్దరు నిజంగా ఆడగలవాళ్లు. పద్నాలుగేళ్లొచ్చేసరికి ఒకడు బోటెక్కాడు, రెండోవాడు ఎక్కబోతున్నాడు. నేనేం చెప్పను, వద్దని చెప్పడానికి వాళ్ల ఇంటికి జీతం ఇస్తానా?

మిడ్‌ఫీల్డర్ వాళ్లమ్మ
కిక్ తమ్ముడూ, ఆ రెండోవాడి బూట్ల సైజు చెప్పు. మా అన్నయ్య కొడుకువి ఉన్నాయి, ఒక సీజనే వాడాడు.

కంచరపాలెం కిక్
ఏడు అక్కా. మెసేజ్ పెడతాను.

మురీమిక్చర్
మద్దిలపాలెం నాన్న గారూ, మీవాడికి లెక్కలేవీ చెప్పకండి. రిటైర్మెంట్ వీడియోలో ఆయన చెప్పిన సంగతొకటి చెప్పండి. మొదటి మ్యాచ్ రోజు పొద్దున కోచ్ సుఖ్విందర్ వచ్చి నువ్వు ఆడుతున్నావు అన్నాడట. ఈ కుర్రాడు జెర్సీ తీసుకుని, ఎందుకో తనకే తెలీదు, దాని మీద కాస్త సెంటు కొట్టుకున్నాడట. 2005 నుంచి 2024 దాకా ఆడినవాడికి ముందు గుర్తొచ్చింది ఆ సెంటు. అదే వీడియోలో, మానేస్తానని ఇంట్లో చెప్తే నాన్న హాయిగా తీసుకున్నాడట, అమ్మా భార్యా మాత్రం ఏడ్చేశారట.

ధోనీభక్త 148
సరే, ఇది నాకు తెలీదు.

మద్దిలపాలెం నాన్న
రెండ్రోజులైంది, అప్‌డేట్. రాత్రి వాడితో కూర్చుని కిక్ గారి విదేశీ స్ట్రైకర్ల సంగతి, మాస్టారి తేదీలు అన్నీ చెప్పాను. సగం వాడికి ముందే తెలుసు, నేను చెప్పిన ఒక స్కోరు తప్పని సరిదిద్దాడు కూడా. "మరి మామయ్య అడిగితే ఏమంటావు" అన్నాను. "కామెరూన్ అంటాను" అన్నాడు. అది రెండో జట్టురా అంటే, "మామయ్యకేం తెలుసు" అన్నాడు.

సెంటు కథ కూడా చెప్పాను, అక్కడే తప్పు చేశాను. ఇవాళ పొద్దున ఐదున్నరకి ఇల్లంతా గుప్పుమంది. మా ఆవిడ తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిన సీసా సగం ఖాళీ. ప్రాక్టీస్ జెర్సీ మీద, సాక్సుల మీద, ఆఖరికి బంతి మీద కూడా కొట్టుకున్నాడు.

గోలీసోడా గాజువాక
దుబాయ్ తమ్ముడు, ఆ బావమరిదేనా?

మద్దిలపాలెం నాన్న
ఆయనే.

లెక్కల మాస్టారు
లెక్క సరిపోయింది.

కంచరపాలెం కిక్
నాన్న గారూ, ఆదివారం మీవాణ్ని పెదజాలరిపేట పంపండి. ఆ వల దగ్గర నిలబెడతాను, సెంటుకీ దానికీ చెల్లు.

ధోనీభక్త 148
ఎన్నింటికి? నేనూ వస్తా.

కంచరపాలెం కిక్
ఆరింటికి. బ్యాటు రోడ్డు మీదే పెట్టి రండి.